‘అంగీకరిస్తున్నాను’ నొక్కేముందు...

లాయర్ల వెబ్‌సైట్ల గుమ్మంలో కనిపించే షరతుల పెట్టెను చాలామంది చదవకుండానే దాటేస్తారు. అది కాపాడేది ఎవరిని? దాటాక మీ చేతిలో మిగిలే హక్కులేమిటి?

ఇద్దరు ముగ్గురు జూనియర్లతో నడిచే ఒక లాయరు ఆఫీసు వెబ్‌సైట్ తెరవండి. ఆయన పేరు, ఫోన్ నంబరు కనపడకముందే తెర మధ్యలో ఒక పెట్టె ప్రత్యక్షమవుతుంది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం న్యాయవాదులు ప్రచారం చేసుకోకూడదని, ఈ సైట్‌కు మీ అంతట మీరే వచ్చారని, మిమ్మల్ని ఎవరూ రమ్మనలేదని, ఇందులో ఉన్నది సమాచారమే తప్ప సలహా కాదని, ఇది చదివినంత మాత్రాన మీకూ మాకూ లాయరు-కక్షిదారు సంబంధం ఏర్పడదని ఇంగ్లీషులో నాలుగైదు వాక్యాలు ఉంటాయి. కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్. అది నొక్కితేనే లోపలికి దారి.

నొక్కడానికి పట్టేది ఒక్క క్షణం. అక్కడికి వచ్చే మనిషి పరిస్థితి అలాంటిది మరి. చెక్కు బౌన్సయిన వ్యాపారి, పొలం గట్టు తగాదాలో కోర్టు నోటీసు అందుకున్న రైతు, రాత్రికి రాత్రి అత్తింటి నుంచి బయటపడిన అమ్మాయి, కూకట్‌పల్లిలోని తన ఫ్లాటులో ఎవరో దూరారని డాలస్‌లో ఉండగా తెలుసుకున్న ఇంజనీరు... వీళ్లలో ఎవరికీ షరతులు చదివే ఓపిక ఉండదు. కానీ చదవాల్సింది వాళ్లే. ఆ వాక్యాల్లో కొన్నింటిని పట్టించుకోకపోతే గెలవాల్సిన కేసు పోవచ్చు. మరికొన్నింటికి అనవసరంగా భయపడితే చట్టం ఇచ్చిన హక్కును చేజేతులా వదులుకున్నట్లు అవుతుంది.

పేరు పలక నుంచి వెబ్‌సైట్ దాకా

ఈ పెట్టె వెనకున్న కథ ఇంటర్నెట్ కంటే చాలా పాతది. న్యాయవాద వృత్తి సేవే గానీ సరుకు కాదన్న భావన ఇంగ్లండ్ బారిస్టర్ల నుంచి మనకు వచ్చింది. 1961 నాటి న్యాయవాదుల చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన నియమావళిలోని 36వ నిబంధన ఆ భావనకు చట్టరూపం ఇచ్చింది. సర్క్యులర్లు, ప్రకటనలు, దళారుల ద్వారా గానీ, పరిచయం లేనివారిని స్వయంగా కలుసుకుని గానీ కేసులు సంపాదించుకోకూడదని అది చెబుతుంది. తాను వాదించిన కేసుకు సంబంధించి పత్రికల్లో ఫోటో వేయించుకున్నా తప్పే. ఆఖరికి ఇంటి ముందు కట్టుకునే పేరు పలక కూడా ఓ మోస్తరు సైజులోనే ఉండాలి. దాని మీద బార్ కౌన్సిల్ సభ్యుడినని గానీ, మాజీ జడ్జినని గానీ, ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని గానీ రాసుకోకూడదు.

ఇదేదో కాగితం మీది నీతి అనుకోవద్దు. 1970లలో బొంబాయి మేజిస్ట్రేటు కోర్టుల గుమ్మం దగ్గర కక్షిదారుల మీద పడి కేసు కాగితాలు లాక్కునే లాయర్ల వ్యవహారం సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. దభోల్కర్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ ధోరణిని గట్టిగా ఎండగట్టారు. నిబంధన మీరితే చట్టంలోని 35వ సెక్షన్ కింద మందలింపు మొదలుకుని సస్పెన్షన్ దాకా, చివరకు రోల్స్ నుంచి పేరు కొట్టివేసే దాకా శిక్ష పడొచ్చు.

ఇంటర్నెట్ వచ్చాక కొత్త ప్రశ్న తలెత్తింది. వెబ్‌సైట్ పేరు పలక లాంటిదా, ప్రకటన లాంటిదా? లాయర్లు సైట్లు పెట్టుకోవడంపై ఉన్న నిషేధాన్ని సవాలు చేస్తూ 2000లో వి.బి. జోషి సుప్రీం కోర్టుకెక్కారు. ఆ పిటిషన్ ఫలితంగా 2008లో బార్ కౌన్సిల్ తలుపు కొద్దిగా తెరిచింది. 36వ నిబంధనకు సవరణ చేసి, వెబ్‌సైట్‌లో ఏమేం పెట్టుకోవచ్చో ఒక జాబితా ఇచ్చింది. పేరు, చిరునామా, ఫోన్ నంబర్లు, ఈమెయిల్, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, తేదీ, ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదయిందీ, ఇప్పుడు ఏ కౌన్సిల్ రోల్స్‌లో ఉన్నదీ, ఏ బార్ అసోసియేషన్‌లో సభ్యులన్నదీ, విద్యార్హతలు, వృత్తిపరమైన అర్హతలు, సివిల్, క్రిమినల్, పన్నులు, కార్మిక వివాదాలు... ఇలా చూసే కేసుల రకం. వీటికి తోడు ఈ వివరాలన్నీ నిజమేనన్న ధ్రువీకరణ. అంతే.

ఆ జాబితాలో లేనిదేమిటో కూడా గమనించాలి. ఫీజు వివరాలు లేవు. గెలిచిన కేసుల పట్టిక లేదు. కక్షిదారుల ప్రశంసలు లేవు. చిత్రమేమిటంటే, గుమ్మంలో ప్రత్యక్షమయ్యే ఆ ‘అంగీకరిస్తున్నాను’ పెట్టె కూడా అందులో లేదు. దాన్ని పెట్టమని ఏ నిబంధనా ఆదేశించలేదు. ‘ఈయన మమ్మల్ని పిలిచాడు’ అని ఎవరూ అనకుండా లాయర్లే తీసుకున్న ముందుజాగ్రత్త అది. ఒక సంస్థను చూసి మరో సంస్థ పెట్టుకుంటూ పోగా అదే ఆనవాయితీ అయింది. మరో మాటలో చెప్పాలంటే ఆ వాక్యాలను రాసింది ముందుగా బార్ కౌన్సిల్‌ను దృష్టిలో పెట్టుకుని. మీ వంతు ఆ తర్వాతే.

ఇతర దేశాల్లో లెక్క వేరు. అరిజోనాకు చెందిన ఇద్దరు యువ లాయర్లు తమ ఫీజుల పట్టికను పత్రికలో ప్రకటించిన కేసులో అమెరికా సుప్రీం కోర్టు 1977లోనే వారి పక్షాన నిలిచింది. అక్కడ టీవీలో, హైవే హోర్డింగుల మీద లాయర్ల మొహాలు కనిపిస్తాయంటే ఆ తీర్పే కారణం. మనకు ఈ కట్టుబాటును నేర్పిన ఇంగ్లండ్‌లోనే 2018 డిసెంబరు నుంచి ఇళ్ల కొనుగోలు, వారసత్వ ధ్రువీకరణ లాంటి కొన్ని పనులకు ఫీజు ఎంతో సొలిసిటర్ల సంస్థలు తమ వెబ్‌సైట్‌లో ప్రకటించి తీరాలి. అక్కడ ఫీజు దాస్తే తప్పు. ఇక్కడ అనుమతించిన జాబితాలో ఫీజుకు చోటే లేదు.

దీని భారం ఎక్కువగా పడేది చిన్న ఆఫీసుల మీదే. పెద్ద సంస్థలకు పేరే పెట్టుబడి. సెమినార్లు, పత్రికల్లో వ్యాసాలు, పరిచయాలు వారికి దారి చూపిస్తాయి. జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు మొదలెట్టిన మొదటి తరం లాయరుకు అవేవీ ఉండవు. కాబట్టే చాలామంది సైట్లలో అనుమతించిన వివరాలతో పాటు చట్టం గురించి వ్యాసాలు, ప్రశ్నలు-జవాబులు, ‘మీ సమస్య రాయండి’ అనే ఫారాలు చేరాయి. సందర్శకులకు చిక్కులు మొదలయ్యేది అక్కడే.

ఈ మధ్య కాలంలో పట్టు మళ్లీ బిగిసింది. లాయర్లను వెతికిపెట్టి, వారికి రేటింగులిచ్చే ఆన్‌లైన్ వేదికలపై దాఖలైన పిటిషన్‌లో 2024 జులైలో మద్రాస్ హైకోర్టు ఘాటుగా స్పందించింది. ఆన్‌లైన్‌లో కేసులు ఆకర్షించే న్యాయవాదులపై క్రమశిక్షణ చర్యలు తీసుకోవాల్సిందిగా రాష్ట్రాల కౌన్సిళ్లకు చెప్పాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాను ఆదేశించింది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ మరో ప్రకటన చేస్తూ సినీతారలతో వీడియోలు, సోషల్ మీడియా ప్రచారాల మీద విరుచుకుపడింది. కాబట్టి గుమ్మంలోని పెట్టె ఇప్పట్లో మాయం కాదు. అందులోని ఒక్కో షరతుకు అర్థమేమిటో తెలుసుకోవడమే మేలు.

నిన్నటి చట్టం, నేటి కేసు

‘ఇది సమాచారం మాత్రమే, సలహా కాదు.’ తప్పించుకోవడానికి రాసిన వాక్యంలా కనిపించే ఈ షరతు నిజానికి పెట్టెలో అన్నింటికంటే నిజాయితీ అయినది. వెబ్‌సైట్‌లోని వ్యాసం రాసిన రోజు దగ్గరే ఆగిపోతుంది. చట్టం ఆగదు.

2024 జులై 1 ముందు మోసం కేసు గురించి రాసిన ఏ వ్యాసమైనా ఐపీసీ 420 గురించే చెబుతుంది. ఆ రోజు నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అదే నేరం ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. భర్త, అత్తమామల వేధింపులకు సంబంధించిన 498ఎ కూడా 85, 86 సెక్షన్లకు మారింది. అలాగని పాతది పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది. ఏ సెక్షన్ అన్నది మీ ఘటన ఏ రోజు జరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి మీరు చెబితే తప్ప వ్యాసానికి తెలియదు.

వినియోగదారుల కేసులదీ అదే దారి. 1986 నాటి చట్టం పోయి 2019 చట్టం 2020 జులైలో అమలయింది. జిల్లా కమిషన్ కోటి రూపాయల దాకా కేసులు వినొచ్చని చట్టంలో ఉంది. కానీ 2021 డిసెంబరులో వచ్చిన నిబంధనలు దాన్ని రూ. 50 లక్షలకు తగ్గించాయి. రూ. 80 లక్షల ఫ్లాటు తగాదాను పాత వ్యాసం చదివి జిల్లా కమిషన్‌కు తీసుకెళ్తే ఫిర్యాదు తిరిగొస్తుంది. ఈలోగా నెలలు కరిగిపోతాయి. ఆ ఫిర్యాదుకు ఉన్న గడువు రెండేళ్లే.

తెలుగువారికి ఇంకో మెలిక ఉంది. ‘ఆంధ్రప్రదేశ్‌లో భూమి హక్కులు’ అని 2013లో రాసిన వ్యాసం ఇప్పుడు రెండు రాష్ట్రాల పాఠకుల ముందుకు వస్తుంది. 2019 జనవరి 1 నుంచి హైకోర్టులు కూడా వేరయ్యాయి. తెలంగాణలో 2020 నాటి హక్కుల రికార్డు చట్టం, దానితో వచ్చిన ధరణి పోయి 2025లో భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంతో గొడవ రేపిన భూహక్కుల చట్టం 2024లో రద్దయింది. పొలం ఖమ్మంలో ఉండి, మీరు చదివిన వ్యాసం గుంటూరు లాయరుదైతే అందులోని ఒక్కో వాక్యాన్నీ అనుమానంగానే చూడాలి.

పోలీసులే పాత చట్టంతో కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీం కోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. అయినా దాని కింద కేసులు నమోదవుతున్నాయని తెలిసి 2021లో ఆ కోర్టే విస్తుపోయింది. ఇక ఎప్పుడో రాసి వదిలేసిన వెబ్ పేజీ గురించి చెప్పేదేముంది? వ్యాసం కింద తేదీ లేకపోతే దాన్ని నమ్మకండి. తేదీ ఉన్నా, దాని ఆధారంగా లాయరును ఏం అడగాలో తయారు చేసుకోండి తప్ప సొంతంగా నిర్ణయం తీసుకోకండి.

ఫారం నింపితే వకాల్తా కాదు

మరింత ప్రమాదకరమైనది రెండో షరతు. పేరు, ఫోన్ నంబరు, సమస్య రాసి ‘పంపు’ నొక్కగానే చాలామందికి గుండె కుదుటపడుతుంది. ‘లాయరుకు చెప్పేశాం’ అనుకుంటారు. కానీ చట్టం దృష్టిలో ఏమీ జరగలేదు. కోర్టులో మీ తరఫున వ్యవహరించాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని మూడో ఆర్డరు ప్రకారం మీరు సంతకం చేసిన రాతపూర్వక నియామకం ఉండాలి. అదే వకాల్తా. అది ఇవ్వనంత వరకు, ఆయన తీసుకోనంత వరకు మీ కేసు గడువుల బాధ్యత మీదే.

ఆ గడువులు ఎంత కర్కశంగా ఉంటాయో చెక్ బౌన్స్ కేసును చూస్తే తెలుస్తుంది. చెక్కు తిరిగొచ్చినట్లు బ్యాంకు చెప్పిన నాటి నుంచి 30 రోజుల్లో మీరు నోటీసు ఇవ్వాలి. అది అందాక సొమ్ము చెల్లించడానికి అవతలి వ్యక్తికి 15 రోజులు. ఆ తర్వాత నెలలోగా కోర్టులో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపించి కోర్టును మన్నించమని అడగొచ్చు. నోటీసు గడువు దాటితే మాత్రం ఆ చట్టంలో మన్నింపు లేదు. 20వ రోజున వెబ్‌సైట్‌లో ఫారం నింపి జవాబు కోసం రెండు వారాలు ఎదురుచూసిన వ్యాపారి ఆ క్రిమినల్ కేసునే కోల్పోతాడు. చెక్కును మళ్లీ బ్యాంకులో వేసే వ్యవధి మిగిలి ఉంటే సరే, లేకపోతే సివిల్ దావానే గతి. సివిల్ దావాలో సమన్లు అందుకున్న ప్రతివాది 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కోర్టు అనుమతితో అది 90 రోజుల దాకా వెళ్లొచ్చు. వాణిజ్య వివాదమైతే 120 రోజులు దాటాక కోర్టు చేతుల్లోనూ ఏమీ ఉండదు. ‘ఫారం పంపాను, వాళ్లు పిలవలేదు’ అన్న వాదనను ఏ జడ్జీ వినడు.

విదేశాల్లోని తెలుగువారికి ఇది రెట్టింపు సమస్య. ఆస్తి ఇక్కడ, మనిషి అక్కడ. పవర్ ఆఫ్ అటార్నీ పంపితే అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి. దాన్ని ఎవరు చూసుకుంటారో ఫారం చెప్పదు. ఫలానా తేదీ నుంచి మీ పని చేపట్టామని లాయరు రాసిచ్చే ఉత్తరమో, ఈమెయిలో ఉంటేనే ఆ భారం ఆయన భుజానికి మారినట్లు.

రహస్యం సంగతేమిటి? లాయరుకు కక్షిదారు చెప్పిన మాటలను బయటపెట్టకూడదని 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 126వ సెక్షన్ చెప్పేది. 2024 జులై నుంచి అదే రక్షణ భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్‌గా కొనసాగుతోంది. లాయరు గుమాస్తాలకు, ఉద్యోగులకు, దుభాషీలకూ ఇది వర్తిస్తుంది. చట్టవిరుద్ధమైన పని చేయడానికి సలహా అడిగితే మాత్రం రక్షణ లేదు. దీని బలం ఎంతో 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు మరోసారి చాటింది. కక్షిదారు వ్యవహారాల గురించి చెప్పమంటూ దర్యాప్తు సంస్థలు లాయర్లకు ఇష్టం వచ్చినట్లు సమన్లు పంపడం కుదరదని తేల్చింది.

కానీ ఆ సెక్షన్‌లోని మాటలను జాగ్రత్తగా చూడాలి. న్యాయవాదిగా సేవ అందించే క్రమంలో, ఆ పని కోసం చెప్పిన మాటలకే రక్షణ. ‘మనకు ఏ సంబంధమూ లేదు’ అని మీ చేత ఒప్పించి, ఆ వెంటనే ‘మీ సమస్య వివరంగా రాయండి’ అనే సైట్‌లో మీరు రాసినది ఆ పరిధిలోకి వస్తుందా అని అవతలి పక్షం రేపు వాదన లేవదీయొచ్చు. అమెరికాలో సరిగ్గా ఇదే జరిగింది. పాక్సిల్ అనే మందు వాడినవారి వివరాలు కోరుతూ ఒక లాయర్ల సంస్థ ఇంటర్నెట్‌లో ప్రశ్నావళి పెట్టింది. దీనితో లాయరు-కక్షిదారు సంబంధం ఏర్పడదన్న గడిలో టిక్కు కూడా పెట్టించింది. ఆ జవాబులను తమకు ఇప్పించాలని మందుల కంపెనీ పట్టుబట్టింది. 2005లో అక్కడి అప్పీలు కోర్టు బాధితుల పక్షాన నిలిచింది. లాయర్లు వాడిన అస్పష్టమైన భాషకు కక్షిదారులు కావాలనుకునే సామాన్యులను శిక్షించకూడదన్నది ఆ తీర్పు సారం. అమెరికన్ బార్ అసోసియేషన్ 2010లో లాయర్ల వెబ్‌సైట్లపై ప్రత్యేకంగా అభిప్రాయపత్రమే వెలువరించింది. అక్కడివారు పై కోర్టు దాకా పోరాడి నిలబెట్టుకున్న రక్షణను ఇక్కడ ఒక ఫారం మీద పందెం కాయడం ఎందుకు?

చిన్న ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది. ఒక పక్షానికి సలహా ఇచ్చిన లాయరు అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన హాజరు కాకూడదని బార్ కౌన్సిల్ 33వ నిబంధన. మీరు ఫారంలో మీ లోగుట్టంతా రాసి పంపిన లాయరును మీ అన్నదమ్ముడో, మీ కంపెనీ యజమానో ముందే పెట్టుకుని ఉంటే? ఆయన మీకు సలహా ఇవ్వలేదు, మిమ్మల్ని కక్షిదారుగా తీసుకోలేదు. కాబట్టి తనకు అడ్డం లేదనే అంటాడు. అందుకే మొదటి సందేశంలో రాయాల్సింది మూడు ముక్కలే. మీరెవరు, ఎదుటివారెవరు, దగ్గర్లో ఉన్న గడువు ఏది. మిగతాదంతా ఆయన కేసు తీసుకుంటానన్నాక ఎదురుగా కూర్చుని చెప్పొచ్చు.

మీ వివరాలు, మీ భాష

ఫారంలో మీరు రాసింది ఎక్కడికి వెళ్తుంది? చిన్న ఆఫీసుల్లో సైట్ తయారుచేసేది బయటి మనిషి. ఫారాలు చేరేది ఉచిత ఈమెయిల్‌కు. విడాకులు, అప్పులు, రోగాలు, క్రిమినల్ ఆరోపణల వివరాలు ఆఫీసులో ఎంతమంది చేతుల్లో పడతాయో సందర్శకుడికి తెలియదు. సున్నితమైన సమాచారం సేకరించే సంస్థలు గోప్యతా విధానాన్ని వెబ్‌సైట్‌లో ప్రకటించాలని ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ సంస్థల నిర్వచనంలో వృత్తిపరమైన పనులు చేసే భాగస్వామ్య సంస్థలూ ఉన్నాయి.

అంతకంటే పెద్ద మార్పు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో ముందే చెప్పాలి, ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే వీలుండాలి. చట్టపరమైన హక్కును సాధించుకోవడానికి అవసరమైన మేరకు కొన్ని మినహాయింపులున్నాయి. తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించేది మరొకటి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే అవకాశం ఇవ్వాలని చట్టం అంటోంది. అందులో తెలుగూ ఉంది. ఒంగోలు, కరీంనగర్ కోర్టుల్లో తెలుగు కక్షిదారులతోనే బతికే ఆఫీసు కూడా ఇంగ్లీషు పెట్టెతో వారిని ఆహ్వానించే తీరు ఇకనైనా మారాల్సిందే. డేటా కోసం ఎలాగూ తెలుగు నోటీసు రాయాలి కాబట్టి, ఆ చేత్తోనే ‘ఫారం పంపితే కేసు తీసుకున్నట్లు కాదు, గడువులు మీరే చూసుకోండి’ అన్న మాటనూ తెలుగులో పెడితే ఎన్నో కేసులు బతికిపోతాయి.

షరతులకూ హద్దుంది

పెట్టెలో సాధారణంగా ఉండే చివరి వాక్యం ‘మేం ఏ నష్టానికీ బాధ్యులం కాము’. దీనికి అవసరానికి మించిన విలువ ఇవ్వక్కర్లేదు. సైట్‌లోని వ్యాసం చదివి సొంతంగా నష్టపోయినవారిపై అది పనిచేయొచ్చు. కేసు తీసుకుని, వకాల్తా వేసి, వాయిదాకు వెళ్లక కేసు పోగొట్టిన లాయరును మాత్రం వెబ్‌సైట్‌లోని వాక్యం కాపాడదు. వృత్తిలో నిర్లక్ష్యానికి, లాయరైనంత మాత్రాన బాధ్యత నుంచి మినహాయింపు లేదని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ (ఫీజుల) చట్టమే చెప్పింది. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ అంటుంది. బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేసే హక్కును ఏ బటనూ లాగేసుకోలేదు.

అయితే ఒక దారి మూసుకుపోయిన సంగతి గుర్తుంచుకోవాలి. లాయర్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీం కోర్టు తీర్పిచ్చింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు లేదు కాబట్టి ఇక మిగిలినవి సివిల్ కోర్టు, రాష్ట్ర బార్ కౌన్సిల్. రెండింట్లోనూ మీరు ఆయన కక్షిదారు అని మీరే చూపించాలి. ఫీజు రసీదు, వకాల్తా నకలు, ఈమెయిళ్లు అప్పుడు అక్కరకొస్తాయి. వెబ్‌సైట్ ఫారం ఒక్కటే చేతిలో ఉంటే, సంబంధం లేదని మీరే అంగీకరించిన పెట్టెను అవతలివారు కోర్టుకు చూపిస్తారు.

ఇన్ని చిక్కులున్నాయని లాయర్ల వెబ్‌సైట్లకు దూరంగా ఉండమని కాదు. తెలిసినవారి ద్వారానో, కోర్టు ఆవరణలో తారసపడే దళారి ద్వారానో లాయరును వెతుక్కునే రోజుల కంటే ఇది నయమే. బార్ కౌన్సిల్ అనుమతించిన ఆ పొడి జాబితానే కక్షిదారుకు అసలైన ఆయుధం. ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో సరిచూసుకోవచ్చు. నకిలీ డిగ్రీలతో ప్రాక్టీసు చేసేవారిని ఏరివేయడానికి 2023లో సుప్రీం కోర్టు ఒక ఉన్నతస్థాయి కమిటీనే వేసిందంటే ఆ నంబరు విలువ ఏమిటో అర్థమవుతుంది. ‘నూటికి నూరు శాతం విజయం’, ‘గెలిస్తేనే ఫీజు’ అన్న మాటలు కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి. గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని 20వ నిబంధన నిషేధించింది. తన వృత్తి నియమాన్నే మొదటి పేజీలో తుంగలో తొక్కినవాడు మీ గడువును గుర్తుపెట్టుకుంటాడన్న నమ్మకం ఏముంది?

ఇవి గుర్తుంచుకోండి

- సైట్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, రాష్ట్ర బార్ కౌన్సిల్ పేరు ఉన్నాయా చూడండి. ఆ కౌన్సిల్‌లో సరిచూసుకోండి.
- వ్యాసం తేదీ, అది ఏ రాష్ట్రానికి సంబంధించిందన్నది చూడకుండా అందులోని సెక్షన్‌ను మీ కేసుకు అన్వయించుకోవద్దు.
- ఫారంలో మీ పేరు, ఎదుటి పక్షం పేరు, దగ్గర్లోని గడువు మాత్రమే రాయండి. ఒప్పుకోలు మాటలు, బ్యాంకు వివరాలు, ఆధార్ నకళ్లు పంపొద్దు.
- రెండు రోజుల్లో జవాబు రాకపోతే మరో లాయరును చూసుకోండి. గడువు ఎవరి కోసమూ ఆగదు.
- కేసు తీసుకున్నట్లు రాతపూర్వకంగా తీసుకోండి. ఫీజుకు రసీదు అడగండి. వకాల్తా నకలు దగ్గర ఉంచుకోండి.
- వాయిదాల వివరాలను ఈ-కోర్ట్స్ సైట్‌లో ఉచితంగా మీరే చూసుకోవచ్చు.
- మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 చట్టం కింద ఉచిత న్యాయసహాయానికి అర్హులు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయండి.